పసుపు రాసిన గడప

మిట్టమధ్యాహ్నం... నీడలు భయపడి కాళ్ళ కిందికి ముడుచుకుపోయే వేళ! క్షుద్రశక్తులకు అర్ధరాత్రి ఒక్కటే సొంతమని ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాడు సింగపూరులో బుకిట్ బటోక్ వెనక అడవిలో ఉన్న ఆ రోమన్ బంగళాను పట్టపగలు చూసి ఉండడు.

వందేళ్ళ కిందట ఒక రబ్బరు తోటల దొర ఇటలీ వెళ్ళి, అక్కడ రెండువేల ఏళ్ళనాటి శిథిల భవంతులు చూసి మనసు పారేసుకున్నాడు. సింగపూరు తిరిగొచ్చి గుట్టమీద అచ్చం అలాంటిదే కట్టించాడు. నడుమ ఆకాశానికి తెరుచుకున్న మండువా, అందులో వాననీరు పట్టే చదరపు తొట్టి, చుట్టూ పాలరాతి స్తంభాలు, నేలంతా రంగురాళ్ళు పొదిగిన చిత్రాలు. కట్టుకున్న సుఖం దొరకు దక్కలేదు. ఒకనాడు మాయమైపోయాడు... ఎలా పోయాడో ఎవరికీ తెలియదు. తర్వాత యుద్ధం వచ్చింది, బాంబు పడింది, పైకప్పు కూలింది. సగం విరిగిన స్తంభాలను తీగలు కౌగిలించుకున్నాయి. గాలి లేకపోయినా ఆకులు కదులుతాయి అక్కడ! పట్టపగలే గుడ్లగూబ మూలుగుతుంది! తొట్టిలో నిలిచిన నల్లటి నీటిలో మాత్రం ఆకాశం కనిపించదు.

అలాంటి చోటికి మనవాళ్ళు ఆదివారం షికారు వెళ్ళేవారు.

ఐటీ జోరుమీదున్న కాలమది. విమానం దిగినవాడికి దిగినట్టే ఉద్యోగం, యూ టీలోనో బుకిట్ బటోక్‌లోనో నలుగురితో పంచుకునే ఫ్లాటు, పగలు ఇక్కడి పని, పొద్దుపోయాక అమెరికా క్లయింటు పని. అందరూ అలసిపోయి ఉండేవారు, ఆ అలసటను గొప్పగా చెప్పుకునేవారు కూడా. అలాంటి రోజుల్లో తెలుగువాళ్ళ ఈమెయిలు గ్రూపులో ఒక కబురు తిరిగింది. రోమన్ శిథిలాల్లో తేలికపాటి నడక, పిల్లలూ పెద్దలూ ఎవరైనా రావచ్చు, డబ్బేమీ కట్టనక్కర్లేదు. కింద సీతారామారావు అని సంతకం.

ఆయనెవరో, ఎక్కడుంటాడో ఒక్కరూ ఆరా తీయలేదు. పెద్దాయన, తెలుగువాడు, పైగా ఉచితం. ఈ మూడూ కలిస్తే మనవాళ్ళు ఇంకేం అడగరు.

అరవై ఏళ్ళుంటాయేమో అనిపించే సన్నటి మనిషి. గుడ్డ టోపీ, తెల్లటి కాన్వాస్ బూట్లు, మెత్తటి మాట. నవ్వితే పళ్ళు కనిపించేవి గానీ కళ్ళు కదిలేవి కావు. రోమను రాజుల కథలు చెబుతూ, చెమట తుడుచుకోమని పిల్లలకు రుమాలు అందిస్తూ, గుట్టమీదికి నడిపించుకుపోయేవాడు.

బంగళా వాకిట్లో అడ్డంగా ఒక నల్లరాతి గడప ఉండేది. దాని మీద అప్పుడే రాసిన పచ్చటి పసుపు, వరసగా కుంకుమ బొట్లు...

ఇక చెప్పాలా? వెళ్ళినవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే చెప్పులూ బూట్లూ విప్పేవారు. వంగి గడపను తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని, దాన్ని తొక్కకుండా దాటి, ఉత్తకాళ్ళతో లోపలికి నడిచేవారు. సింగపూరు ఎండ, ఉక్క. తడి పాదాల గుర్తులు ఆ రంగురాళ్ళ నేలమీద పడేవి. నేలమీద పొదిగిన బొమ్మ ఒక ఆడదాని ముఖం. జుట్టు స్థానంలో పాములు. ఆ పాముల మీదుగా పసిపిల్లలు కూడా చల్లగా ఉందంటూ గెంతేవారు. సీతారామారావు మాత్రం గడపమీద బూటు పెట్టి మరీ లోపలికి వచ్చేవాడు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులేమో అనుకుని సర్దుకునేవారు.

అందరూ వెళ్ళిపోయాక... ఆయన ఒక్కడే వెనక్కి వచ్చేవాడు! నేలమీద గొంతుక్కూచుని, చిన్న కుంచెతో ఒక్కో పాదముద్రనూ ఊడ్చి, ఆ ధూళిని వేరువేరు మట్టి పిడతల్లోకి ఎత్తేవాడు. పిడతల మూతికి ఎర్రగుడ్డ కట్టేవాడు. తొట్టి అడుగునుంచి నీళ్ళోడుతున్న ఒక కపాలాన్ని పైకి తీసి, ఒళ్ళో పెట్టుకుని, "ఇదిగో... ఇవాళ్టి తిండి" అనేవాడు. కపాలం కింది దవడ కదిలేది!

పాదధూళి పోయినవాళ్ళకు నిద్ర పోయేది. కాస్త కాస్త ఆయుష్షు కూడా పోయేది. కానీ ఎవరికి అనుమానం వస్తుంది? అందరూ నిద్రలేని వాళ్ళే. పోయిన ఏడాది రమేష్ అనే కుర్రాడు కంప్యూటరు ముందు కూచున్నవాడు కూచున్నట్టే ప్రాణం వదిలితే, పని ఒత్తిడి అన్నారు. అతనూ ఆ నడకకు వెళ్ళాడని ఎవరికీ గుర్తు రాలేదు.

కపాలానికి ఏడాదంతా అందరి నిద్రా కొంచెం కొంచెం చాలేది. ఏడాదికొక ఆదివారం అమావాస్యనాడు మాత్రం ఒక నిండు ప్రాణం కావాలి. ఈ ఏడాది అది ఎన్నుకున్న పిడత సరయుది.

సరయు వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేది. భర్త ఆకాష్ ఊరి నడిబొడ్డున ఒక బ్యాంకులో. ఇద్దరూ ఒక్కసారే నడకకు వెళ్ళారు. ఆకాష్ తన కొత్త కెమెరాతో ఫోటోలు తీస్తూ చివరిదాకా గడప బయటే ఉండిపోయాడు, బూటు లేసులు విప్పడానికి బద్ధకించి. బద్ధకం మనిషిని కాపాడిన సందర్భాలు తక్కువే, అందులో ఇదొకటి.

తర్వాత కొద్దిరోజులకు సరయులో మార్పు వచ్చింది. మాట తగ్గింది. పక్కమీద పడుకునేది గానీ కళ్ళు మూసేది కాదు. ఒక సాయంత్రం ఆమె ఆఫీసునుంచి వచ్చి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూచుంటే, అరికాళ్ళకు ఎర్రమట్టి కనిపించింది ఆకాష్‌కి. ఏసీ ఆఫీసులో మట్టెక్కడిదని అడిగాడు. ఏ మట్టి అని తిరిగి అడిగిందామె. మర్నాడూ మట్టే.

ఆఫీసులో పక్క సీటు రాధ ఫోన్ చేసి, సరయు రోజూ లంచ్‌కి ఎటో వెళ్ళి చాలాసేపటికి గానీ రావడం లేదని, చెప్పులు సీటు కిందే ఉంటున్నాయని మొహమాటపడుతూ చెప్పింది. ఆకాష్ గుండెలో ముల్లు దిగింది. మగబుద్ధి ఎటు పోతుందో అటే పోయింది. ఎవడు వాడు? ఎన్నాళ్ళనుంచి? భార్య ఫోన్ తీసి చూశాడు, బ్యాగు వెతికాడు, ఏమీ దొరక్కపోవడమే రుజువనుకున్నాడు.

ఒకరోజు సెలవు పెట్టి ఆమె వెంటపడ్డాడు. నడినెత్తిన ఎండ... కాలుతున్న పేవ్‌మెంటు... ఉత్తకాళ్ళతో బస్సెక్కింది సరయు. బుకిట్ బటోక్ దగ్గర దిగింది. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు అడవిలోకి నడిచింది. చెట్టు చాటునుంచి చూసిన ఆకాష్‌కి ప్రియుడెవడూ కనిపించలేదు. బంగళా గడపకు ఇవతల సరయు కట్టెలా నిలబడి ఉంది. అవతల నీడలో టోపీ పెట్టుకున్న పెద్దాయన ఆమెవైపు చూస్తూ, ఇంకా వేళ కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె వెనుదిరిగింది. ఆకాష్ పక్కనుంచే వెళ్ళింది. తెరిచిన ఆ కళ్ళలో నల్లగుడ్లు లేవు!

ఆ రాత్రి ఆకాష్ తను తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్లో పెట్టుకుని చూశాడు. ఒకటి గ్రూపు ఫోటో. స్తంభాల మధ్య అందరూ నవ్వుతున్నారు. అందరివీ ఉత్తకాళ్ళే. పసుపు గడప పెట్టుకుని, పదిమంది చేత చెప్పులు విప్పించి, తను ఒక్కడూ బూట్లేసుకున్నాడు ఆ పెద్దాయన... ఎందుకు?

పొద్దున్నే ఆ ఫోటో ప్రింటు పట్టుకుని పక్క ఫ్లాటు సూరమ్మ తలుపు కొట్టాడు. సూరమ్మ తాతలు ఏనాడో శ్రీకాకుళం జిల్లానుంచి ఓడలో కూలికి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టింది ఈ గుట్టల్లోని రబ్బరు ఎస్టేటులోనే. ఆ బంగళా సంగతులు ఆమెకు తెలిసుంటాయని అతని ఆశ. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూసింది. చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"అలామక్... అయ్యో దేవుడా..." అంది మెల్లగా. "ఈడ్ని నానెరుగుదును బాబూ. దొర బంగ్లాలో కిరాణీ. పద్దులు రాసీవోడు. నాను సిన్నపిల్లని అప్పుడు. అప్పుడూ ఇదే మొకం, ఇదే నవ్వు. ఒక్క ఎంటికైనా తెల్లబడనేదు."

ఆమె చెప్పుకుపోయింది. ఎస్టేటులో మనుషులు ఏ జబ్బూ లేకుండా నిద్ర పట్టక పట్టక పోయేవారట. పట్టుకోవడానికి రుజువేదీ ఉండేది కాదట. ఏడాదికొకరు మాత్రం ఆదివారం అమావాస్యనాడు ఆ బంగళావైపు నడిచి వెళ్ళి ప్రాణం వదిలేవారట. చెప్పుల సంగతి ఆకాష్ అడిగితే నిట్టూర్చింది.

"మాకప్పుడు సెప్పులెక్కడివి బాబూ? అందరివీ ఉత్తకాళ్ళే. ఆడికి పసుపుతో పనేటి? మీరు బూట్లోళ్ళు. అందుకని గడపకి పసుపెట్టినాడు."

ఇంకొకటి కూడా చెప్పింది. వాళ్ళ తాతలు ఊరినుంచి ఓడలో అమ్మవారి రాయిని తెచ్చుకుని గుట్టమీద నిలబెట్టుకున్నారట. దొర బంగళా కట్టిన ఏడు ఆ రాయి మాయమైంది. సూరమ్మ మామ్మ చచ్చేదాకా అమ్మోరిని తల్చుకుని ఏడిచేదట. ఎక్కడికి పోయిందో వెతకని చోటు లేదు.

పోలీసులకు చెబితే నవ్వుతారు. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. మిగిలింది కాపలా ఒక్కటే. ఆదివారం అమావాస్య. ఆ మర్నాటినుంచి చీనావాళ్ళ దయ్యాల నెల. బ్లాకు కింద పోయినవాళ్ళ పేరిట కాగితాలు కాల్చే ఇనపడబ్బాలు అప్పటికే వరసగా పెట్టారు. ఆకాష్ తెల్లారినప్పటినుంచి తలుపుకు తాళం వేసి, దాని ముందే కుర్చీ వేసుకుని కూచున్నాడు. సరయు కిటికీ బయట వెదురుగడలకు బట్టలు ఆరేస్తోంది. ఆమెను అనుమానించినందుకు అతనికి సిగ్గుగా ఉంది, ఆ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎన్నో రోజుల అలసటో, ఏ మాయో... రెప్ప వాలింది.

లేచేసరికి తాళం చెవి తాళంలోనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది! సరయు చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

సూరమ్మ కూడా టాక్సీ ఎక్కింది. వద్దంటే వినలేదు.

గుట్ట ఎక్కేసరికి సుమత్రానుంచి వచ్చే గాలివాన ఆకాశాన్ని కమ్మేసింది. నడిమధ్యాహ్నం కాళరాత్రిలా మారింది! దిగ్దిగంతాలూ దద్దరిల్లేలా ఉరుములు... విరిగిన స్తంభం మీద గుడ్లగూబ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి చూస్తోంది... తొట్టి ఒడ్డున కపాలం! దాని చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన పిడతలు! ఒక్కటే పిడత మూత విప్పి ఉంది. టోపీ లేని సీతారామారావు తల జుట్టు విరబోసుకుని, రక్తవర్ణ నేత్రాలతో, వినరాని మంత్రాలేవో ఘోషిస్తున్నాడు.

"రా... నీ కాళ్ళతో నువ్వే రా... గడప దాటి రా..."

సరయు వెళుతోంది. జడ ఊడిపోయింది. తెల్లగుడ్లు పైకి తేలాయి. గొంతులోంచి ఆమెది కాని గురక వస్తోంది. ఆకాష్ వెనకనుంచి నడుం పట్టుకున్నాడు. ఆ సన్నటి చెయ్యి ఒక్క విదిలింపు విదిలిస్తే, అతను వెళ్ళి తుప్పల్లో పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. లేవబోతే తీగలు కాళ్ళకు చుట్టుకుపోయాయి. అక్కడినుంచే పేరు పెట్టి పిలిచాడు. ఆమెకు వినిపించలేదు.

ఆమె గడప చేరింది. ఇంకొక్క అడుగు... కపాలం నోరు తెరుచుకుంది!

సరిగ్గా అప్పుడు ఆమె వంగింది.

మంత్రగాడు ఆమె నిద్రను దోచుకున్నాడు, బుద్ధిని దోచుకున్నాడు, మాటను దోచుకున్నాడు. కానీ నడక నేర్చిన నాటినుంచీ పసుపు రాసిన గడప కనిపిస్తే వంగే ఆ నడుమును మాత్రం మరిచిపోయాడు. అది తెలివిలో ఉన్న అలవాటు కాదు, ఒంట్లో ఉన్నది. వాడి పిలుపుకు కదిలిన ఒళ్ళే సరయు వాళ్ళమ్మ నేర్పిన పని కూడా చేసింది. వేళ్ళు గడపను తాకాయి. పొద్దున తన చేత్తో వాడే పూసిన పసుపు వాటికంటింది. సరయు ఆ వేళ్ళను కళ్ళకద్దుకుంది.

పిడుగు పడింది!

తొట్టిలో నీళ్ళు నిలువెత్తు లేచాయి. గుడ్లగూబ రెక్కలు కొట్టుకుంటూ పారిపోయింది. సరయు మెల్లగా నిటారుగా లేచింది. కళ్ళలో నల్లగుడ్లు తిరిగి వచ్చాయి... కానీ ఆ చూపు సరయుది కాదు! విజయవాడలో పుట్టి కాన్వెంటులో చదివిన ఆ పిల్ల నోటివెంట, సముద్రం దాటి వచ్చిన కూలి తల్లుల మాట వచ్చింది.

"నా ఈపు మీద బూట్లేసుకుని నడిసినోడివి నువ్వేనేట్రా?"

సూరమ్మ బురదలో మోకాళ్ళమీద కూలబడింది. ఆ మాట ఆమె మామ్మ మాట. రెండు చేతులూ జోడించింది.

సీతారామారావు ముఖం పాలిపోయింది. నవ్వడం మానిన ఆ ముఖంలో ఎన్ని ముడతలున్నాయో అప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి వాడు ఎర కోసం పసుపు పూసిన ఆ రాయికి, వచ్చిన ప్రతివాడూ నిజంగానే మొక్కాడు. దొర బోర్లా పడేసి గడపగా వేయించిన తల్లి... దశాబ్దాలు దీపం లేక సొమ్మసిల్లి ఉన్న తల్లి... వీడు మోసానికి పెట్టిన బొట్టుతో, అమాయకులు పెట్టిన నిజమైన దండంతో ఆదివారం ఆదివారానికీ మేలుకుంది!

"నిన్ను చంపుతాను... నీ వంశాన్ని బూడిద చేస్తాను" అని అరుస్తూ మంత్రగాడు ముందుకు దూకాడు. వేళ మించిపోతోంది. ఆమె తనంత తాను దాటకపోతే లాగైనా సరే దాటించాలి. సరయు చెయ్యి పట్టుకున్నాడు. లాగే ఊపులో కుడికాలు వెళ్ళి గడపమీద పడింది.

కాలు పైకి రాలేదు!

ఊడబెరికాడు. గింజుకున్నాడు. బూటు రాయికి అతుక్కుపోయింది. ప్రాణభయంతో బలమంతా పెట్టి గుంజితే, బూటు గడపమీదే ఉండిపోయింది... కాలు అందులోంచి బయటికి వచ్చింది... ఆ కాలు వెనక్కి వెళ్ళి రంగురాళ్ళ నేలమీద ఆనింది.

ఉత్తకాలు! ఎన్నో ఏళ్ళుగా ఎవరి కంటా పడనివ్వని ఉత్తకాలు! చెమటతో తడిసిన ఒక్క పాదముద్ర, పాముల ముఖం నడినొసట...

కపాలం అటు తిరిగింది.

దానికి యజమాని లేడు, చుట్టం లేడు. దానికి తెలిసింది ఒక్కటే, వేళకు తిండి. "నేనురా... నేనే... నీకు తిండి పెట్టినవాణ్ణి" అని సీతారామారావు వెనక్కి పాకాడు. దవడలు తెరుచుకున్నాయి. పిడతలన్నీ ఒక్కసారిగా ఫెళ్ళున పగిలాయి. అందులోని ధూళి సుడిగాలై లేచి గోడలు దాటి, వాన దాటి, ఊరిమీదికి ఎగిరిపోయింది. ఎవరి ఆయుష్షు వాళ్ళను వెతుక్కుంటూ పోతుంటే, మంత్రగాడికి మిగిలింది వాడి సొంత వయసే. జుట్టు రాలింది... కండ కరిగింది... ఎముకలు సున్నమయ్యాయి... ఆఖరి కేక ఉరుములో కలిసిపోయింది! కపాలం పగిలి తొట్టిలో మునిగింది. వాన ఆ సున్నాన్ని కడిగేసింది. గడపమీద ఒక తెల్ల కాన్వాస్ బూటు, లోపల ఇంకొకటి, అంతే మిగిలాయి.

రాయి నడిమికి పగుళ్ళిచ్చి ఒక పక్కకు ఒరిగింది. అడుగు భాగం పైకి వచ్చింది. విప్పారిన రెండు కళ్ళు, ముక్కుపుడక, నోటి దగ్గర అరిగిన నవ్వు.

"ఇక్కడే ఉన్నావేటమ్మా?" అంది సూరమ్మ. "మా మామ్మ ఈ దారంటే పనికెల్లొచ్చేది గదే." ఏడుస్తూనే వాడి సంచిలో మిగిలిన పసుపు తీసి, తడిచేత్తో ఆ ముఖానికి నిండుగా పూసింది.

సరయు ఆకాష్ ఒళ్ళో కళ్ళు తెరిచింది. ఇక్కడికెందుకొచ్చామని అడిగింది. ఆకలేస్తోందంది. అతను తన చెప్పులు విప్పి ఆమె కాళ్ళకు తొడిగాడు. అవి ఆమెకు బాగా పెద్దవి. జారకుండా ఒక చేత్తో సూరమ్మనూ ఒక చేత్తో ఆమెనూ పట్టుకుని, ఉత్తకాళ్ళతో గుట్ట దిగాడు. దారిలో, నిన్ను అనుమానించాను అని చెప్పేశాడు. ఎందుకు అని ఆమె అడిగింది. నీ కాళ్ళకు మట్టి ఉందని, అన్నాడు.

ఆ మధ్యాహ్నం యూ టీ రైల్లో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కునికారు. స్టేషన్లు దాటిపోయాయి, ఎవరూ ఎవరినీ లేపలేదు. వన్-నార్త్‌లో ఆదివారం పనికి వచ్చినవాళ్ళు కీబోర్డుల మీదే తలలు వాల్చారు. సోమవారం ఎంతోమంది ఆలస్యంగా వచ్చారని మేనేజర్లు మండిపడ్డారు. అంత హాయి నిద్ర ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు.

సరయు ఇంటికొచ్చి అన్నం తిని, కంచం దగ్గరే తూలింది. ఆకాష్ ఆమెను పక్కమీద పడుకోబెట్టాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి, మంచం పక్కన నేలమీద కూచుని, ఆమె అరికాళ్ళ మట్టిని నెమ్మదిగా కడిగాడు. వేళ్ళ సందుల్లోనూ, గోళ్ళ మూలల్లోనూ తుడిచాడు. ఆ నీళ్ళు తీసుకెళ్ళి సింకులో పోసి, ఒక్క రేణువు కూడా మిగలకుండా పోయేదాకా కుళాయి కట్టకుండా అక్కడే నిలబడ్డాడు.